మిద్దె మీది మీటరు

సుప్రజకు లెక్కలంటే మహా ఇష్టం. అది మంచి గుణమే, కాదనడానికి లేదు. కానీ లెక్కలు తెలిసిన మనిషికి ఒక జబ్బుంటుంది. ఎక్కడో ఒకచోట నాలుగు రాళ్లు మిగిలే సందు కనబడిందంటే అందులో తల దూర్చకుండా ఉండలేదు. దూర్చేటప్పుడు పక్కన ఎవరున్నారో, వాళ్ల మెడ ఏమవుతుందో చూసుకోదు.

ఆమె పుట్టింది రాయచోటిలో, చదివింది బీకాం. పెళ్లయి ఆదోనికి వచ్చింది. భర్త హర్షవర్ధన్‌కు మార్కెట్ యార్డు దగ్గర విత్తనాలూ పురుగుమందుల అంగడి. కట్టుకున్న మిద్దె పెద్దది. కింద ఒక ఏసీ, పైన ఒక ఏసీ. ఆదోని ఎండల్లో ఏసీ లేకుండా మనుషులు బతకలేరని ఆ ఇంట్లో అందరూ గట్టిగా నమ్మారు. ఏళ్ల తరబడి ఆ ఇంట్లో గిన్నెలు తోముతున్న హులిగెమ్మ ఎట్లా బతుకుతోందో మాత్రం ఎవరూ అడగలేదు. అడగాలని వాళ్లకు తోచలేదు కూడా.

రెండేళ్ల కిందట మే నెల కరెంటు బిల్లు చూసి హర్షవర్ధన్ గగ్గోలు పెట్టాడు.

“ఇది బిల్లా, జరిమానానా? ఎనకటి నెల కంటే రోంత ఎక్కువ వాడినాం. దానికి బిల్లు ఇంతకింత అయితాదా?”

సుప్రజ ఆ బిల్లు అందుకుని ఫ్యాను కింద కూర్చుంది. కాసేపటికి గుట్టు తెలిసిపోయింది.

“ఇది మెట్ల లెక్కప్పా. కింది మెట్టు మీద యూనిట్టుకు రెండ్రూపాయలు గూడా లేదు. వాడేకొద్దీ పై మెట్టుకు పోతాం, పోయేకొద్దీ రేటు పెరుగుతాది. బీదోళ్లు ఒక లైటు, ఒక ఫ్యాను ఏసుకుంటారు గదా, వాళ్లకు భారం కాకుండా ఇట్ల పెట్టినారు. మనం పోయి అన్నిటికంటే పై మెట్టు మీద కూచ్చున్నాం.”

“అయితే ఏసీలు ఆపల్లంటావా?”

“ఆపేదేంటికి? పైన ఒక మీటరు, కింద ఒక మీటరు పెట్టిస్తే సరి. ఒక్కోటీ మళ్లా కింది మెట్టు నుంచి మొదలైతాది.”

హర్షవర్ధన్ భార్యను చూసి మురిసిపోయాడు. బీదవాళ్ల కోసం వేసిన మెట్టు మీద దర్జాగా కాలు చాపుకుని కూర్చోవడం ఎట్లాగో కనిపెట్టిన తెలివి మరి, మురిసిపోక ఏం చేస్తాడు?

ఎలక్ట్రీషియన్ శేషన్నను పిలిపించారు. అతను మిద్దె అంతా తిరిగి చూసి తల గోక్కున్నాడు. “పని సులువేనమ్మా. కానీ ఒకే ఇంటికి ఒకే పేరు మీద రెండు మీటర్లంటే ఒప్పుకోరు. పైన ఎవురో బాడుగకుండారని చూపియ్యల్ల. వాళ్ల ఆధార్ కావల్ల.”

ఎవరి పేరు పెట్టాలి? చుట్టాల పేరు పెడితే రేపు పొద్దున వాళ్లు ఏ పేచీ పెడతారో. నోరు లేని మనిషయితే మేలు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు గానీ మొగుడూ పెళ్లాం ఇద్దరి చూపులూ ఒకేసారి పెరట్లోకి పోయాయి. అక్కడ హులిగెమ్మ కుక్కర్ అడుగు పీచుతో బరబరా రుద్దుతోంది.

“నా పేరు మీదనా?” అని హులిగెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “మా కొట్టం మీటరే మా ఆయప్ప పేరు మీద ఉండాది అక్కా. నా పేరు రాసినేది ఓటు లిస్టులో, బియ్యం కార్డులో అంతే. ఇంత పెద్ద మిద్దెకు నా పేరా?”

“నీకేం నష్టం లేదు హులిగెమ్మా. బిల్లు మేమే కట్టుకుంటాం.”

“నువ్వు చెప్పినాక నష్టమేంటికి ఉంటాదక్కా?” అంటూ మరునాడే ఆధార్ తెచ్చి ఇచ్చింది. చూపించిన చోటల్లా వేలిముద్ర వేసింది. ఆ సాయంత్రం కాలనీలో అందరికీ చెప్పుకుని పొంగిపోయింది కూడా. మిద్దె మీద మీటరున్న దొరసానమ్మ వచ్చెనని ఆడవాళ్లు ఎగతాళి చేస్తే అది కూడా ఆమెకు ముద్దుగానే అనిపించింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. నెలకు సగటున మూడు వందల యూనిట్లు దాటి వాడే ఇంటికి పింఛను ఉండదనే నిబంధన సంగతి సుప్రజకు అప్పుడే తెలుసు. పేపర్లో చదివింది. ఆధార్ తీసుకునేటప్పుడు అది గుర్తుకు కూడా వచ్చింది. పైన ఒక్క ఏసీనే కదా, దాటనివ్వంలే అనుకుంది. అనుకుని మరిచిపోయింది. కిందటేడు పిల్లలు పోరు పెడితే పైన ఇంకో ఏసీ పెట్టించారు. నీళ్ల మోటారు కూడా పై మీటరుకే కలిపారు. కింది బిల్లు తగ్గింది, పై బిల్లు కూడా ఓ మోస్తరుగానే వచ్చింది. మూడు వందల మాట ఆ ఇంట్లో ఎవరికి గుర్తుంటుంది? పింఛను ఆగేది వాళ్లకు కాదు కదా.

ఈ ఏడు సర్కారువాళ్లు పింఛన్ల అర్హతలన్నీ మళ్లీ తిరగదోడారు. ఒకటో తేదీ పొద్దున హులిగెమ్మ పనికి ఆలస్యంగా వచ్చింది. వచ్చిన మనిషి చీపురు పట్టకుండా వంటింటి గడప దగ్గర కూలబడింది.

“మా అత్త పింఛన ఆగిపాయె అక్కా.”

సుప్రజ చేతిలో కాఫీ గ్లాసు ఉంది. “ఏంటికి?” అని అడిగింది గానీ, అడుగుతుండగానే పేపర్లో చదివిన మూడు వందల మాట గుర్తుకొచ్చింది.

“మీ ఇంట్లో కరెంటు మూడు నూర్లు దాటిందంటాండాడు సచివాలయం దేవేంద్రప్ప. మా కొట్టంలో ఏముండాది అక్కా? ఒక బల్బు, ఒక ఫ్యాను. ఆ ఫ్యాను గూడా ఎనకటేడు ముసల్దాని కోసరమని సెకండ్ హ్యాండుది కొంటి. అదే పొగలూ రాత్రీ తిరుగుతాంటాది. అదేనేమో తినేసింది.”

హులిగెమ్మ మొగుడు నరసన్న బెంగళూరులో బిల్డింగు పనికి పోతాడు. ఇంట్లో ఉండేది ఆమె, అత్త తాయమ్మ. డెబ్బై దాటిన ఆ ముసలామెకు నెలలో పండగ ఒక్కటే, ఒకటో తేదీ. ఆ రోజు చీకటితోనే లేచి, తల దువ్వుకుని, అరుగు మీద వచ్చి కూర్చుంటుంది. పింఛను చేతిలో పడగానే నడుముకున్న వక్కాకు సంచిలో దోపుకుంటుంది. “ఇవి నా దుడ్లు” అని వీధి మొత్తానికీ వినబడేట్టు చెబుతుంది. బీపీ మాత్రలు ఆ దుడ్లతోనే, ఆకూవక్కా ఆ దుడ్లతోనే. కొడుకు బెంగళూరు నుంచి వచ్చినప్పుడు తిరుగు చార్జీకని వాడి జేబులో పెట్టేదీ ఆ దుడ్లే. ఈ ఒకటో తేదీన అరుగు మీద కూర్చున్న మనిషి ఎండెక్కినా లేవలేదట. పింఛన్లు పంచే దేవేంద్రప్ప ఇంకెవరికో ఇవ్వడానికి పోయాడు, తిరిగొస్తాడని కూర్చుందట.

హులిగెమ్మ కళ్లు తుడుచుకుంది. ఉన్నట్టుండి తలెత్తి, “అక్కా, మిద్దె మీద నా పేరుతో మీటరుండాది గదా. దానికీ దీనికీ ఏమన్నా సంబంధం ఉంటాదా?” అని అడిగింది.

చూడండి, దేవుడు మనిషికి అవకాశం ఇవ్వడని ఎవరంటారు? అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు ఇచ్చాడు. ఉందని ఒక్క మాట అంటే సరిపోయేది. సుప్రజ నోరు తెరిచింది. వచ్చిన మాట మాత్రం వేరు.

“దానికీ దీనికీ ఏం సంబంధం? ఆ బిల్లు మేం కడతాండాం గదా.”

“అదే అనుకుంటి” అంది హులిగెమ్మ వెంటనే. అనుమానపడినందుకు ఆమే సిగ్గుపడింది. “అయితే మా ఇంట్లో కరెంటు ఎట్ల తగ్గించల్లనో రోంత చెప్పక్కా. నువ్వు సదువుకున్నేదానివి.”

అప్పుడు సుప్రజ చెప్పింది. ఆ పాపిష్టి నోటితోనే చెప్పింది. పగలు లైటు వేయొద్దంది. ఫ్యాను అవసరమైతేనే వేసుకోమంది. పైన రెండు ఏసీలు గుయ్యిమంటూ తిరుగుతుండగా, ఒక్క ఫ్యాను ఉన్న మనిషికి పొదుపు పాఠం చెప్పింది. హులిగెమ్మ ప్రతి మాటకూ శ్రద్ధగా తల ఊపింది.

మధ్యాహ్నం హర్షవర్ధన్ భోజనానికి వస్తే సుప్రజ జరిగింది చెప్పింది. అతను రసం కలుపుకుంటూ విన్నాడు.

“నోరు మూసుకోని ఉండు” అన్నాడు. “మనమే పోయి చెప్తే ఏమైతాదో తెలుసునా? బాడుగకు ఎవురూ లేకుండా దొంగ పేరుతో మీటరు పెట్టుకున్నారని మన మీదికే వస్తారు. రెండేండ్ల బిల్లు తిరగేసి తేడా కట్టమంటారు. అది పోనీ, వచ్చే నెల వ్యాపారుల సంఘం ఎన్నిక ఉండాది. పనిమనిషి పేరు మీద కరెంటు కాజేసినోడని నా మొగం మీదనే అంటారు.”

“మరి ఆ ముసలామె పింఛన?”

“మనమే ఇస్తే పోలే? నెలకు నాలుగు వేలు. మనకు అదొక లెక్కా?”

సుప్రజకు ఆ మాట గొప్ప ఉపాయంలా తోచింది. పాపానికి కూడా మెట్ల లెక్క ఉంటుందనుకుందేమో, కింది మెట్టు మీదనే తేల్చేసుకోవచ్చని ఆశపడింది. మరునాడు నోట్లు మడిచి హులిగెమ్మ చేతిలో పెట్టింది. హులిగెమ్మ వద్దు వద్దంటూనే, కాళ్లకు మొక్కబోయి మరీ తీసుకుంది.

ఆ మరునాడు పొద్దున అవే నోట్లు తిరిగొచ్చాయి.

“ముసల్దానికి పొగరక్కా, నువ్వేమీ అనుకోవద్దు. ‘గవర్నమెంటోళ్లు ఇచ్చేది నా దుడ్లు, ఇది నీకు మీ అక్క ఏసే బిచ్చం, నాకొద్దుపో’ అని ఇసిరికొట్టింది. నాతో మాట్లాడేది గూడా ఇడిసిపెట్టింది. నా ఫ్యాను మోజే దాని పింఛన మింగిందంట. కొనింది ఎవురికి? దానికే గదా!” హులిగెమ్మ నవ్వబోయింది, నవ్వు రాలేదు. “నీ మాదిరి మనసు ఎవురికుంటాదక్కా. సొంత అక్క అయినా ఇంత చేయదు.”

తిట్టి ఉంటే బాగుండేది. మొహాన ఉమ్మేసినా బాగుండేది. ఆ మెచ్చుకోలు విని సుప్రజ దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా నిలబడింది.

“నేనూ ఊరికే లేనులే” అని హులిగెమ్మ గొంతు తగ్గించి చెప్పింది, ఏదో ఘనకార్యం చెబుతున్నట్టు. “ఫ్యూజు పీకేసినా అక్కా. పీకి బియ్యం డబ్బాలో దాచిపెట్టినా, ముసల్ది మళ్లా పెట్టకుండా. ఇంగ ఒక్క యూనిట్టు తిరిగితే ఒట్టు. వచ్చే ఒకటో తారీకుకు పింఛన రాక యాడికి పోతాది?”

“ఈ ఎండల్లో ఫ్యాను లేకుండానా?” అంది సుప్రజ.

“నువ్వే చెప్తివి గదక్కా తగ్గించల్లని. తగ్గించేదేదో బాగా తగ్గిద్దామని.”

ఆ రోజు సుప్రజ పైన ఏసీలు రెండూ ఆపేసింది. కాసేపు చెమటలు కక్కుతూ కూర్చుంది. అట్లా కూర్చుంటే తన మనసుకేదో ఊరటగా ఉంటుందనుకుంది. పిల్లలు బడి నుంచి వచ్చి అమ్మా ఇదేం ఉడుకని అరిచేసరికి మళ్లీ వేసింది. ఇది పశ్చాత్తాపమా, తమాషానా? ఆమెకే అసహ్యం వేసింది. వేసినా ఏసీ మాత్రం ఆపలేదు.

తర్వాత వారాలన్నీ ఆమెకు నరకమే. పైనుంచి చల్లగాలి తగిలినప్పుడల్లా తాయమ్మ గుర్తుకొచ్చేది. హులిగెమ్మ కింద గదులు తుడుస్తూ “అబ్బ, సల్లగ ఉండాది” అని క్షణం నిలబడితే సుప్రజ ఆ గది నుంచి లేచి పోయేది. చెప్పేద్దామని రోజూ అనుకునేది. హులిగెమ్మ చెప్పులు విడిచి లోపలికి వస్తుండగా నోటి దాకా వచ్చేది. హులిగెమ్మ “ఏమక్కా, ఒంట్లో బాగలేదా?” అని ఆత్రంగా అడిగేది. అంతే, ఆ మాట మళ్లీ కడుపులోకే పోయేది. అన్నం సయించేది కాదు. హర్షవర్ధన్‌ను ఇంకో రెండుసార్లు అడిగి చూసింది. ఎన్నిక కానీయమన్నాడు.

మళ్లీ ఒకటో తేదీ వచ్చింది. తాయమ్మ మళ్లీ తల దువ్వుకుని అరుగెక్కింది. పింఛను రాలేదు.

“కరెంటే లేదు అక్కా ఇంట్లో!” హులిగెమ్మ గోడకు ఆనుకుని పిచ్చిదానిలా చూస్తూ అంది. “గుడ్డి దీపం పెట్టుకోని తింటాండాము. ఇంగా దాటింది అంటాడే ఆ దేవేంద్రప్ప? మా పక్కింటి శివకుమారి ఏమంటాదో తెలుసునా? ‘దొంగ వైరు ఏసుకున్నారేమోలే, లేకుంటే అన్ని యూనిట్లు ఎట్లొస్తాయి’ అంటాది. వీధిలో అందరూ నన్ను దొంగను చూసినట్టు చూస్తాండారు. నేనేం దొంగతనం చేసినానక్కా?”

ఏడాది పొడుగు సగటు అది, ఒక నెల ఫ్యూజు పీకితే తగ్గేది కాదు. ఆమె ఇంటి ఫ్యూజు పీకితే అసలే తగ్గదు. ఈ రెండు సంగతులూ తెలిసిన మనిషి ఎదురుగా నిలబడి పప్పు గిన్నెలో గరిటె తిప్పుతోంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, “నేనొకసారి కనుక్కుంటాలే” అంది. ఎవరిని కనుక్కుంటుంది? తనను తానేనా?

ఆ వారంలోనే ఒక రోజు హులిగెమ్మ పనికి రాలేదు. మరునాడూ రాలేదు. ఫోను చేస్తే స్విచ్ ఆఫ్ అని వస్తోంది. మొదట సుప్రజకు చిరాకు వేసింది, గిన్నెలు పేరుకుపోయాయి మరి. ఫోనుకు చార్జింగ్ పెట్టుకోవడానికి ఆ ఇంట్లో కరెంటు లేదన్న సంగతి కాసేపటికి తట్టింది. తట్టగానే గిన్నెలు అట్లాగే వదిలేసి లేచింది. ఆటో పిలిచి సిరుగుప్ప రోడ్డులోని ఆ కాలనీకి బయలుదేరింది. ఇన్నేళ్లలో హులిగెమ్మ ఇంటికి పోవడం అదే మొదటిసారి. ఏ వీధో తెలియక నలుగురిని అడగాల్సి వచ్చింది.

రేకుల కొట్టం. లోపలికి అడుగు పెడితే వేడి మొహానికి కొట్టింది. తాయమ్మ నులక మంచం మీద వాడిపోయి పడి ఉంది. నుదుటి మీద తడిగుడ్డ. హులిగెమ్మ పక్కన కూర్చుని అట్టముక్కతో విసురుతోంది. ఆ అట్ట హర్షవర్ధన్ అంగడి విత్తనాల పెట్టెది. పైన ఫ్యాను కదలకుండా వేలాడుతోంది.

“వడదెబ్బ తగిలిందక్కా” అంది హులిగెమ్మ లేవకుండానే. “మొన్న దబుక్కున పడిపాయె. సర్కారాస్పత్రికి మోసుకపోయి సెలైను పెట్టిస్తిమి. ఇంగ రోంత ఆలస్యమయింటే దక్కేది కాదన్నాడు డాక్టరు. నీకు చేద్దామంటే ఫోను సచ్చి కూచ్చునింది. కోపం చేసుకోవద్దక్కా, రేపటి నుంచి వస్తా.”

“హులిగెమ్మా, ఫ్యూజు పెట్టు.”

“వద్దక్కా. ఈ నెల గూడా చూద్దాము, ఈ తూరి తప్పకుండా...”

“పెట్టు అంటాండా గదా!” సుప్రజ అరిచింది. అరిచి, అక్కడే మట్టినేల మీద కూర్చుండిపోయింది. ఏడుస్తూ చెప్పింది. చక్కగా అమర్చుకున్న మాటలేవీ రాలేదు. “నీ ఇంటి కరెంటు కాదు. నీదెన్నడూ నూరు గూడా దాటలేదు. మా మిద్దె మీద నీ పేరుతో ఉండేది చూడు, అది దాటింది. మా ఏసీలది. నీ ఆధార్ మీద ఉండేసరికి నీ ఇల్లే వాడినట్టు లెక్క. దానికే పింఛన ఆపినారు.”

హులిగెమ్మ చేతిలో అట్ట ఆగింది. “నీకు ఎప్పుడు తెలిసింది?”

“మొదటి దినమే.”

“నేను అడిగితి గదా.”

“అడిగినావు.”

“సంబంధం లేదంటివి.”

“అన్నా.”

హులిగెమ్మ ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత మంచం మీది ముసలామె వైపు చూసింది. ఎండిపోయిన పెదాలు, గాజులు జారిపోతున్న చేతులు.

“అయితే మా అత్తను నేను ఉత్తపుణ్యానికి ఉడకబెట్టినానా?”

సుప్రజ ఆ అట్ట కోసం చెయ్యి చాపింది. హులిగెమ్మ దాన్ని ఇవ్వలేదు.

తాయమ్మ నిద్రపోవడం లేదు. అన్నీ విన్నది. వణికే చెయ్యి చాపి కోడలి మోకాలు తడిమింది. “నిన్ను ఎన్ని మాటలంటినే పిల్లా” అంది. సుప్రజ కూర్చున్న వైపు మాత్రం తల తిప్పలేదు. సుప్రజ మంచం దగ్గరికి జరిగి, “అవ్వా” అంది. ముసలామె కళ్లు మూసుకుంది.

హులిగెమ్మ లేచింది. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి వెతికి ఫ్యూజు తీసి, బయట గోడకున్న పెట్టెలో బిగించింది. ఫ్యాను కిర్రుమని కదిలి తిరగసాగింది. ఆ గాలి తగలగానే తాయమ్మ రొప్పు నెమ్మదించింది. హులిగెమ్మ కొంగుతో మొహం తుడుచుకుని గడప దగ్గర నిలబడింది.

“లే అక్కా. పోదాం పా.”

“యాడికి?”

“సచివాలయానికి. ఈడ నాలుగు గోడల మద్దెన నాకు చెప్తే ఏమొస్తాది? చెప్పాల్సిన కాడ చెప్పు.”

సుప్రజకు హర్షవర్ధన్ గుర్తుకొచ్చాడు, సంఘం ఎన్నిక గుర్తుకొచ్చింది, తేడా బిల్లు గుర్తుకొచ్చింది. సాయంత్రం ఆయనతో ఒక మాట చెప్పి రేపు పోదామా అని అడగాలనిపించింది. హులిగెమ్మ మొహం చూశాక ఆ మాట పెదవి దాటలేదు. లేచి చీరకంటిన మన్ను కూడా దులుపుకోకుండా వెంట నడిచింది.

పక్కింటి గడపలో శివకుమారి బియ్యం ఏరుతోంది. “ఏమి హులిగెమ్మా, యాడికి పోతాండావు?” అని హులిగెమ్మను అడుగుతూ చూపు మాత్రం సుప్రజ మీద పెట్టింది. హులిగెమ్మ ఆగింది. సుప్రజ వైపు తిరిగి ఊరికే నిలబడింది. ఆ ఎండలో, ఆ వీధిలో, పది గడపల్లోంచి మనుషులు చూస్తుండగా సుప్రజే చెప్పాల్సి వచ్చింది.

“ఆ కరెంటు ఈమె వాడింది కాదమ్మా. మీటరు మా ఇంటిది. ఈమె తప్పేమీ లేదు.”

శివకుమారి చేట పక్కన పెట్టి నోరు తెరుచుకుని చూసింది. ఇంకా ఏదో అడగబోయింది. హులిగెమ్మ అప్పటికే ముందుకు నడిచింది.

సచివాలయంలో దేవేంద్రప్ప కంప్యూటరు ముందు ఉన్నాడు. సుప్రజ అతని ముందు నిలబడి మొదటి నుంచి చెప్పింది. బాడుగకు ఎవరూ లేరని, ఆధార్ తానే అడిగి తీసుకుందని, బిల్లు తగ్గించుకోవడానికే ఈ పని చేశామని, అంతా చెప్పింది. అతను కుర్రవాడే గానీ మంచివాడు, చేస్తున్న పని ఆపి విన్నాడు. అక్కడ పని మీద వచ్చిన ముసలివాళ్లు నలుగురైదుగురు మాత్రం చెవులు రిక్కించి విన్నారు. ఇంతలో ఫోను మోగింది. హర్షవర్ధన్.

“యాడుండావు? ఇంటికి తాళం ఏసుండాదే?”

“సచివాలయంలో ఉండా. మీటరు సంగతి రాసిస్తాండా.”

“నీకేమన్నా మతి పోయిందా? ముందు బయటికి రా, నేను వస్తాండా...”

“వద్దు. ముసలామె సచ్చి బతికిందప్పా” అని ఫోను పెట్టేసింది. మళ్లీ మోగింది, ఎత్తలేదు.

“మేడం, నేను చెప్పల్ల గాబట్టి చెప్తాండా” అన్నాడు దేవేంద్రప్ప ఒక తెల్లకాగితం ముందు పెట్టుకుంటూ. “మీరు సంతకం పెట్టినాక కరెంటాఫీసోళ్లు వచ్చి మీ ఇల్లు చూస్తారు. తేడా కట్టమంటారు.”

“తెలుసు.”

“మీటరు ఈమె ఆధార్ నుంచి తీసేసినాక పింఛనకు మళ్లా పంపిస్తా. వచ్చే నెలకు రాకుంటే ఆపై నెలకు వస్తాది. పోయిన నెలలవి వస్తాయో రావో నేను చెప్పలేను.” కలం మూత తీశాడు. సుప్రజ చెప్పినదంతా పొందికగా రాసుకుంటూ పోయి ఒకచోట ఆగాడు. “బాడుగకుండే మనిషి కాదంటాండారు గదా. మరి ఈమె మీకు ఏమైతాదని రాయల్ల?”

సుప్రజ తడబడింది. పక్కన నిలబడిన హులిగెమ్మ వైపు చూడలేక కాగితం వైపు చూస్తూ, “మా ఇంటి మనిషే. మాలో ఒకతి మాదిరి...” అంది.

“గిన్నెలు తోమేది అని రాయప్పా” అంది హులిగెమ్మ. “అది గూడా నిన్నటి దాకానే.”

దేవేంద్రప్ప కలం పట్టుకుని సుప్రజ మొహంలోకి చూశాడు. ఆమె తల ఊపింది. అతను అట్లాగే రాసి కాగితం ఇటు తిప్పాడు. సుప్రజ సంతకం పెట్టింది.